గుర్తు చివర చూద్దాం

పోలింగ్ కేంద్రంలో అట్ట మరుగుకు వెళ్లాక మీ ముందు బ్యాలెట్ యూనిట్ ఉంటుంది. ఒక్కో వరుసలో ముందు క్రమసంఖ్య, తర్వాత అభ్యర్థి పేరు, ఫొటో, ఆ పక్కన గుర్తు, చివర నీలం బటన్. మనలో చాలామంది చూపు పేరు దగ్గర ఆగదు, ఫొటో దగ్గరా ఆగదు. నేరుగా గుర్తు మీద వాలుతుంది. వేలు బటన్ మీదికి పోతుంది. వీవీప్యాట్‌లో చీటీ ఏడు సెకన్లు కనబడి కిందపడేసరికి ఐదేళ్ల నిర్ణయం అయిపోతుంది.

ఈ అధ్యాయం మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఆ వరుసను ఎడమ నుంచి కుడికి చదవండి. మనిషిని ముందు చూడండి, గుర్తును చివర చూడండి. మీకు నచ్చిన పార్టీని వదులుకోవాల్సిన పని లేదు. చివరికి మీ ఓటు ఆ పార్టీకే పడినా తప్పు లేదు. కానీ అది మీరు ఆలోచించి వేసిన ఓటు కావాలి, అలవాటుగా పడిన ఓటు కాకూడదు.

గుర్తులు ఎందుకు వచ్చాయో గుర్తుచేసుకుందాం. 1951-52లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు ఓటర్లలో ఎక్కువమందికి చదువు రాదు. అందుకని ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అతికించారు. పేరు చదవలేని మనిషి కూడా తనకు కావలసిన అభ్యర్థిని గుర్తుపట్టాలన్నది ఆ ఏర్పాటు ఉద్దేశం. ఒకే పేరున్న అభ్యర్థులతో ఓటర్లు తికమకపడుతున్నారని 2015 నుంచి ఫొటో కూడా చేర్చారు. అంటే గుర్తైనా ఫొటో అయినా అభ్యర్థి దగ్గరికి దారి చూపడానికి పెట్టినవే. మన రాజ్యాంగంలో రాజకీయ పార్టీల ప్రస్తావన కూడా 1985లో పదో షెడ్యూలుతోనే వచ్చింది. అంతకుముందూ, ఇప్పుడూ మనం ఎన్నుకునేది నియోజకవర్గానికి ప్రతినిధిని.

అభిమానం వేరు, విధేయత వేరు

మీరు ఒక పార్టీని ఎందుకు ఇష్టపడుతున్నారో నిదానంగా ఆలోచించండి. కొందరికి అది ఇంట్లో వచ్చింది. తాతగారు ఆ జెండా మోశారు, నాన్న బూత్ ఏజెంటుగా కూర్చున్నారు, పండగకు కలిసినప్పుడు అదే మాట. కొందరికి ఊళ్లో వచ్చింది. ఊరు రెండు వర్గాలైనప్పుడు మన వర్గం ఎటుంటే మన ఓటూ అటే. కొందరికి కులం చెప్పింది, కొందరికి అభిమాన నటుడు చెప్పాడు. మరి కొందరికి మంచి కారణమే ఉంది. కష్టకాలంలో పింఛను వచ్చింది, పిల్లవాడి ఫీజు కట్టారు, పొలానికి నీళ్లొచ్చాయి. ఆ మేలు గుర్తుంచుకోవడం మంచి గుణం.

ఇవన్నీ అభిమానానికి కారణాలు. అభిమానం ఉండొచ్చు. చిక్కల్లా అది విధేయతగా మారినప్పుడే వస్తుంది. అభిమానం ఉన్న మనిషి తన పార్టీ తప్పు చేస్తే బాధపడతాడు, అడుగుతాడు. విధేయుడు ఆ తప్పుకు కారణాలు వెతుకుతాడు. అభిమానికి ప్రతి ఎన్నికా కొత్త నిర్ణయం. విధేయుడి నిర్ణయం ఎప్పుడో అయిపోయింది. అతని ఓటు తమకే పడుతుందని పార్టీకీ తెలుసు కాబట్టి అతని కోసం మంచి అభ్యర్థిని వెతకాల్సిన అవసరం దానికి లేదు. ఎవరిని నిలబెట్టినా నెగ్గే చోట పార్టీలు డబ్బున్నవాణ్ణీ, పలుకుబడి ఉన్నవాణ్ణీ నిలబెడతాయి. మీ విధేయత వల్ల ముందుగా నష్టపోయేది మీ నియోజకవర్గమే.

మీరు ఎటువైపు ఉన్నారో తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఒకటుంది. దాన్ని తారుమారు పరీక్ష అందాం. మీ పార్టీ అభ్యర్థి మీద ఒక భూకబ్జా కేసుందని విన్నారు. వెంటనే మీ నోటి వెంట ఏ మాట వచ్చింది? "కక్షగట్టి పెట్టిన కేసు" అన్నారా? ఇప్పుడు అదే కేసు, అవే సెక్షన్లు, అదే దశలో అవతలి పార్టీ అభ్యర్థి మీద ఉన్నాయనుకోండి. అప్పుడూ అదే మాట అంటారా? రెండుచోట్లా ఒకే మాట వస్తే మీ తూకం సరిగా ఉన్నట్టే. వేర్వేరు మాటలు వస్తే, మాట్లాడుతున్నది మీరు కాదు, మీ విధేయత.

కండువా మారుతుంది

పార్టీని చూసి ఓటేస్తే సరిపోతుందనే వాళ్లు మన రెండు రాష్ట్రాల ఇటీవలి చరిత్రను ఒకసారి చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో వైసీపీ గుర్తు మీద గెలిచిన 23 మంది ఎమ్మెల్యేలు ఆ ఐదేళ్లలో టీడీపీలోకి వెళ్లారు. 2019లో టీడీపీ గుర్తు మీద గెలిచిన 23 మందిలో నలుగురు తర్వాత వైసీపీ పక్షాన చేరారు. తెలంగాణలో 2018లో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచినవాళ్లలో 12 మంది 2019 జూన్‌లో నాటి టీఆర్ఎస్‌లో, అంటే ఇప్పటి బీఆర్ఎస్‌లో, విలీనమయ్యారు. 2023లో బీఆర్ఎస్ గుర్తు మీద గెలిచినవాళ్లలో పదిమంది కాంగ్రెస్ వైపు వెళ్లారని వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాళ్ల అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న కోర్టు స్పీకర్‌ను ఆదేశించింది.

ఈ జాబితాలో ఏ ఒక్క పార్టీనో వేలెత్తి చూపలేం. అధికారంలో ఉన్నవాళ్లు చేర్చుకున్నారు, లేనివాళ్లు పోగొట్టుకున్నారు, మళ్లీ తారుమారయ్యారు. ఓటరు వైపు నుంచి చూడండి. ఆ నియోజకవర్గాల్లో పార్టీని చూసి ఓటేసినవాళ్లకు పార్టీ మిగల్లేదు. అభ్యర్థి ఎలాంటివాడో ఆరా తీయలేదు కాబట్టి మంచి ప్రతినిధి దొరుకుతాడన్న భరోసా కూడా లేదు. పార్టీ మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్లు కూడా ముందు మనిషినే చూసుకోవాలని దీనర్థం. మాట మీద నిలబడే మనిషి ఆ పార్టీలోనే ఉంటాడు. నిలబడనివాడికి మీరు వేసిన ఓటు ఏ పార్టీ ఖాతాలో చేరుతుందో మీకే తెలియదు.

మరి పార్టీని లెక్కలోకి తీసుకోకూడదా?

తీసుకోవాలి. ఈ మాట దాటవేస్తే అది నిజాయితీ అనిపించుకోదు. మనది పార్లమెంటరీ పద్ధతి. ముఖ్యమంత్రిని మనం నేరుగా ఎన్నుకోం. ఎక్కువమంది ఎమ్మెల్యేల మద్దతు ఉన్నవాళ్లు ప్రభుత్వం ఏర్పాటు చేస్తారు. విప్ జారీ అయ్యాక ఎమ్మెల్యే తన పార్టీ చెప్పినట్టే ఓటెయ్యాలి, ఎదురు తిరిగితే సభ్యత్వం పోవచ్చు. కాబట్టి అభ్యర్థి ఎంత గొప్పవాడైనా బడ్జెట్ మీదా, బిల్లు మీదా అతని చెయ్యి లేచేది పార్టీ మాట ప్రకారమే. "మంచి మనిషి తప్పుడు పార్టీలో ఉంటే ఏం లాభం" అని అడిగేవాళ్ల ప్రశ్నలో బలం ఉంది.

దానికి జవాబు ఏమిటంటే, ఎవరి చేతిలో ఏ పని ఉందో విడదీసి చూసుకోవడం. పథకాలు, పన్నులు, రాజధాని, ప్రాజెక్టులు, ఉద్యోగ నియామకాలు, ఇవి ఎక్కువగా పార్టీ చేతిలోవి. మీ ఊరి సమస్య సభలో ఎత్తుతాడా, కమిటీ సమావేశానికి హాజరవుతాడా, పోలీసు స్టేషన్లో మీరిచ్చిన ఫిర్యాదును తొక్కిపట్టమని ఫోన్ చేస్తాడా, తహసీల్దారు కార్యాలయంలో మీ పొలం కాగితాలకు అడ్డుపడతాడా, కాంట్రాక్టులో వాటా అడుగుతాడా, వరదొచ్చినప్పుడు కనిపిస్తాడా, ఇవన్నీ మనిషి చేతిలోవి. వీటిని ఏ మేనిఫెస్టోలోనూ రాయరు. కానీ ఐదేళ్లపాటు రోజూ మీకు తగిలేవి ఇవే.

ఎన్నిక మారితే ఈ పాళ్లు కూడా మారతాయి. పార్లమెంటు ఎన్నికల్లో దేశ విధానం బరువు ఎక్కువ. అసెంబ్లీలో పార్టీ, మనిషి దాదాపు సమానం. గ్రామపంచాయతీకి వచ్చేసరికి పార్టీ బరువు దాదాపు సున్నా. రెండు రాష్ట్రాల్లోనూ సర్పంచి ఎన్నికలు చట్టప్రకారం పార్టీరహితంగానే జరుగుతాయి, అక్కడ పార్టీ గుర్తులే ఉండవు. అయినా "ఫలానా పార్టీ బలపరిచిన అభ్యర్థి" అని మనమే పార్టీని వెనకదారిన లోపలికి తెచ్చుకుంటున్నాం. మంచినీళ్ల మోటారు కాలిపోతే బాగు చేయించేది, వీధిలైటు వేయించేది, మురుగుకాలువ తీయించేది సర్పంచి. ఆ పనికి ఏ జెండా అక్కర్లేదు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ చెక్కు మీద సర్పంచితో పాటు ఉపసర్పంచి కూడా సంతకం పెట్టాలి. ఆ ఉపసర్పంచిని ఎన్నుకునేది వార్డు సభ్యులు. కాబట్టి వార్డు సభ్యుడి ఓటును కూడా తేలిగ్గా తీసుకోకండి.

14 రోజుల పని

నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాక పోలింగ్‌కు కనీసం 14 రోజుల వ్యవధి ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. బరిలో ఎవరున్నారో ఖాయమయ్యేది ఆ గడువు తర్వాతే. ఆ రెండు వారాల్లో చేయాల్సిన పనులు ఇవి. మొత్తం కలిపి ఒక ఆదివారం మధ్యాహ్నం, రెండు మూడు సాయంత్రాలు చాలు.

మొదటి పని: ఒక కాగితం తీసుకుని అభ్యర్థుల పేర్లు రాయండి. పార్టీ పేరు రాయొద్దు, గుర్తు గీయొద్దు. అందరినీ రాయాల్సిన పని లేదు. గట్టిగా పోటీలో ఉన్న ముగ్గురు నలుగురు, మీరు మంచివారని విన్న ఇండిపెండెంటు ఎవరైనా ఉంటే వారు. ప్రతి పేరు కిందా కొంత చోటు వదలండి.

రెండో పని: ప్రతి ఒక్కరి అఫిడవిట్ చదవండి. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2003లో దాన్ని గట్టిపరిచిన మరో తీర్పు వల్ల ఇది మనకు దక్కిన హక్కు. ఫారం 26 అంటారు దీన్ని. ఎన్నికల సంఘం అఫిడవిట్ల వెబ్‌సైట్లో, 'నో యువర్ క్యాండిడేట్' యాప్‌లో ఉంటుంది. రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డు మీద కూడా పెడతారు. సెల్‌ఫోన్ వాడటం రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే పిల్లల చేత చదివించుకోండి. ఆ పిల్లలకు అంతకన్నా మంచి పౌరశాస్త్రం పాఠం ఉండదు.

మూడో పని: ఆరా. అఫిడవిట్ అభ్యర్థి తన గురించి తాను చెప్పుకున్నది. అబద్ధం రాస్తే ఆరు నెలల దాకా జైలుశిక్ష పడొచ్చని చట్టంలో ఉన్నా, సంతకం పెట్టిన ప్రతిదీ నిజమని నమ్మలేం. మన భూమి కౌలుకిచ్చేటప్పుడు ఎలా అడుగుతామో తెలుసు కదా. ఇంతకుముందు ఎవరి చేను చేశాడు, గట్టు జరిపాడా, కౌలు సరిగా కొలిచాడా, భూమిని పాడుచేశాడా అని పాత ఆసామిని అడుగుతాం. అతనిది ఏ కులమో, ఏ పార్టీకి తిరుగుతాడో అడగం. ఐదేళ్ల అధికారాన్ని అప్పగించేటప్పుడు ఆ మాత్రం ఆరా అయినా తీయాలి. అభ్యర్థి సొంత మండలంలో మీకు చుట్టాలుంటే ఫోన్ చేయండి. అతని దగ్గర పనిచేసినవాళ్లనూ, అతనితో వ్యాపారం చేసినవాళ్లనూ అడగండి. అతని పార్టీ కార్యకర్తల మాటలకు, ఎదుటి పార్టీ కార్యకర్తల మాటలకు సమానంగా సగం బరువే ఇవ్వండి.

నాలుగో పని: ఇంతకుముందు పదవిలో ఉన్నవాడైతే రికార్డు చూడండి. ఎంపీల హాజరు, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలను పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ తన వెబ్‌సైట్లో అందరికీ అందుబాటులో ఉంచుతుంది. ఎంపీకి నియోజకవర్గ అభివృద్ధి నిధి కింద ఏడాదికి ఐదు కోట్లుంటాయి. అవి మీ వైపు ఎక్కడ ఖర్చయ్యాయో అడిగి తెలుసుకోవచ్చు. ఎమ్మెల్యే అయితే మీ మండల విలేకరిని అడగండి, గత ఐదేళ్లలో సభలో మన ఊరి మాట ఎప్పుడైనా ఎత్తాడా అని.

ఐదో పని: అప్పుడు, అన్నిటికన్నా చివర, ఒక్కో పేరు పక్కన పార్టీ పేరు రాయండి. మీకు ముఖ్యమైన రెండు మూడు విషయాల్లో ఆ పార్టీ ఏమంటోందో, ఇంతకుముందు ఏం చేసిందో చూసుకోండి. అప్పటికి ముందు రాసుకున్న వివరాలు మీ కళ్లముందే ఉంటాయి. పార్టీ వాటిని తుడిచెయ్యలేదు. వాటి పక్కన కూర్చుంటుంది.

అఫిడవిట్‌ను ఇలా చదవండి

చాలామంది అఫిడవిట్ తెరిచి నేరుగా ఆస్తి ఎంతో చూసి మూసేస్తారు. అసలు సంగతులు వేరేచోట ఉంటాయి.

ముందు కేసులు. ఎఫ్ఐఆర్ నంబరు, ఏ స్టేషను, ఏ సెక్షను, క్లుప్తంగా ఆరోపణ ఏమిటి, కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా, అన్నీ వేర్వేరు గడుల్లో ఉంటాయి. కేసుల సంఖ్య చూసి బెదిరిపోవద్దు, సంఖ్య చూసి తేలిగ్గా తీసేయనూ వద్దు. రోడ్డు మీద బైఠాయించినందుకు, నిషేధాజ్ఞలు దాటినందుకు పెట్టిన కేసులు పది ఉన్నా, అవి ఉద్యమాల్లో తిరిగిన మనిషివి కావచ్చు. మోసం కేసు ఒక్కటే ఉన్నా, అందులో కోర్టు అభియోగాలు నమోదు చేసిందంటే అది బరువైన విషయం. మనకు నోటికి వచ్చిన సెక్షన్ నంబర్లు ఇప్పుడు మారాయి. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. హత్యకు పాత 302 ఇప్పుడు 103, హత్యాయత్నానికి 307 ఇప్పుడు 109, మోసానికి 420 ఇప్పుడు 318. పాత కేసులు పాత నంబర్లతోనే ఉంటాయి. మహిళలపై నేరాల ఆరోపణ ఉంటే ఆ గడి రెండుసార్లు చదవండి.

తర్వాత ఆదాయం. గత ఐదేళ్ల పన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయం ఏడాదివారీగా ఉంటుంది. దాని పక్కన ఆస్తి పెట్టి చూడండి. కొన్న తేదీ, కొన్న ధర, ఇప్పటి మార్కెట్ విలువ కూడా రాయాలి. తాతల నాటి పొలం ధర పెరిగి కోట్లయితే అందులో ఆశ్చర్యం లేదు. కానీ ఏడాదికి ఎనిమిది లక్షల ఆదాయం చూపిన మనిషి అవే ఐదేళ్లలో మూడుచోట్ల వాణిజ్య స్థలాలు కొన్నట్టు కనిపిస్తే, ఆ డబ్బు ఎక్కడిదని అడగాలి. అప్పుల గడి కూడా చూడాలి. అప్పు తెచ్చి కొని ఉంటే లెక్క సరిపోవచ్చు. ఇంతకుముందు పోటీ చేసినవాడైతే ఆనాటి అఫిడవిట్‌ను పక్కన పెట్టి చదవండి. ఏ ఆస్తి పెరిగింది, ఏ ఆస్తి మాయమై భార్య పేరునో పిల్లల పేరునో తేలింది, ఇట్టే తెలుస్తుంది.

చివరగా రెండు చిన్న గడులు. ప్రభుత్వానికి బకాయిలు ఉన్నాయా, ప్రభుత్వంతో కాంట్రాక్టులు ఉన్నాయా. కాంట్రాక్టుల మీద బతికే మనిషికి ప్రభుత్వాన్ని నిలదీయడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

కేసులున్న అభ్యర్థులు ప్రచార సమయంలో మూడుసార్లు పత్రికల్లో, టీవీలో ఆ వివరాలు ప్రకటించాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 2020లో ఇంకో అడుగు వేసింది. కేసులున్నవాణ్ణి ఎందుకు ఎంచుకున్నారో, కేసుల్లేనివాళ్లు ఎందుకు దొరకలేదో పార్టీయే స్థానిక భాషా పత్రికలో కారణం రాయాలంది. గెలిచే సత్తా ఉందన్న ఒక్క కారణం చాలదని కూడా అంది. మన పత్రికలు 'గెలుపు గుర్రం' అని మురిపెంగా రాసే మాటను అత్యున్నత న్యాయస్థానం కారణంగా ఒప్పుకోలేదు. ఆ ప్రకటన మీ పత్రికలో లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో వస్తుంది. వెతికి చదవండి, మీ పార్టీ తన అభ్యర్థి గురించి ఏం రాసిందో ముందు చదవండి. 2024లో లోక్‌సభకు గెలిచిన 543 మందిలో 251 మంది మీద క్రిమినల్ కేసులున్నట్టు వాళ్ల అఫిడవిట్లే చెప్పాయి. పార్టీలు సిగ్గుపడే రోజు రావాలంటే ముందు ఓటరు చదవాలి.

ఐదు ప్రశ్నల కాగితం

ఇదంతా అయ్యాక ఒక్కో అభ్యర్థికి ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి. జవాబు ఔను, కాదు, తెలియదు, ఈ మూడింట్లో ఒకటి.

1. ఇతని మీద తీవ్రమైన నేరారోపణలు లేవని నాకు తెలుసా?
2. ఇతని సంపాదన, ఆస్తి ఒకదానికొకటి పొంతన కుదురుతున్నాయా?
3. పదవి లేనప్పుడు కూడా జనం పని మీద తిరిగాడా?
4. ఇచ్చిన మాట మీద, చేరిన పార్టీలో నిలబడ్డ చరిత్ర ఉందా?
5. నా ఊరికి కావలసిన ఒక ముఖ్యమైన పని గురించి ఇతనికి వివరంగా తెలుసా?

ఎక్కువ 'ఔను'లు ఎవరికి వచ్చాయో చూడండి. అంతకన్నా ముఖ్యంగా 'తెలియదు'లు లెక్కపెట్టండి. మీరు ఓటెయ్యాలనుకున్న మనిషి పేరు కిందే నాలుగు 'తెలియదు'లు ఉంటే మీరు ఆ మనిషిని ఎంచుకోలేదన్నమాట. మూడో పని దగ్గరికి వెనక్కి వెళ్లండి, ఇంకా రోజులున్నాయి.

మీకు ఎదురయ్యే మాటలు

ఇంట్లోంచే మొదలవుతాయి. "నువ్వు పుట్టకముందు నుంచీ మనది ఈ పార్టీ" అంటారు నాన్న. వాదనకు దిగితే మాట పెరుగుతుంది. ఇలా అని చూడండి: "నాన్నా, పార్టీని వదిలెయ్యమని అనడం లేదు. ఈసారి నిలబెట్టిన మనిషి గురించి మీకేం తెలుసో చెప్పండి, రాసుకుంటాను." ఆయన చెప్పేదాంట్లో మీకు తెలియని సంగతులు ఉండొచ్చు. ఆయన చెప్పలేకపోతే ఆ మౌనం ఆయన్నే ఆలోచింపజేస్తుంది. ఎట్లాగైనా మీ ఓటు మీ ఒక్కరిదే. ఎవరికి వేశారో చెప్పాల్సిన బాధ్యత భార్యకు భర్త దగ్గర, కొడుక్కి తండ్రి దగ్గర, కూలికి ఆసామి దగ్గర లేదు. రహస్య ఓటు పెట్టింది ఇందుకే.

"ఓటు వృథా అవుతుంది" అన్నది రెండో మాట. ఓడిపోయే మంచి అభ్యర్థికి వేసిన ఓటును కూడా లెక్కపెడతారు. అతనికి డిపాజిట్ దక్కినా, వేల ఓట్లు వచ్చినా తర్వాతి ఎన్నికల్లో పెద్ద పార్టీలు ఆ లెక్క చూసే అభ్యర్థిని వెతుకుతాయి. పెద్ద పార్టీ జెండా లేకుండా గెలిచినవాళ్లూ మనకున్నారు. వావిలాల గోపాలకృష్ణయ్యను సత్తెనపల్లి ఇండిపెండెంటుగా అసెంబ్లీకి పంపింది. తెన్నేటి విశ్వనాథాన్ని 1967లో విశాఖపట్నం ఇండిపెండెంటుగా లోక్‌సభకు పంపింది. 2009లో కూకట్‌పల్లి ఓటర్లు లోక్‌సత్తా తరఫున జయప్రకాశ్ నారాయణ్‌ను గెలిపించారు. ఇక ఒక్క ఓటుతో ఏమవుతుందనేవాళ్లకు 2019లో విజయవాడ సెంట్రల్ చాలు. అక్కడ గెలుపోటముల మధ్య తేడా 25 ఓట్లు.

అయితే ఇద్దరి మధ్యే గట్టి పోటీ ఉండి, అందులో ఒకరు గెలిస్తే నిజంగా కీడని మీకు రూఢిగా అనిపిస్తే, రెండోవారికి వెయ్యడం కూడా ఆలోచించి వేసిన ఓటే. ఎవరూ తగరనిపిస్తే 2013 నుంచి నోటా ఉంది. కానీ నోటాకు అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినా, అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవాణ్ణే గెలిచినట్టు ప్రకటిస్తారు. అది మీ నిరసనను నమోదు చేస్తుంది, మనిషిని ఎంచదు. ఐదు ప్రశ్నల కాగితం నింపాకే నోటా దాకా వెళ్లండి.

మూడో మాట డబ్బు. "తీసుకున్నాం, దేవుడి పటం మీద ప్రమాణం చేశాం" అంటారు కొందరు, ముఖ్యంగా మాటంటే ప్రాణమిచ్చే పేదింటి అమ్మలు. వాళ్లను చులకన చేయకుండా చెప్పాలి. ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ నేరమే. నేరం చేయించడానికి వేయించిన ఒట్టు ఎవరినీ కట్టెయ్యదు. వీలైనంతవరకు తీసుకోకపోవడమే మంచిది. పంచుతున్నది కళ్లబడితే ఎన్నికల సంఘం సీ-విజిల్ యాప్‌లో ఫొటోనో వీడియోనో పెట్టొచ్చు. అసెంబ్లీ అభ్యర్థికి ఖర్చు పరిమితి 40 లక్షలు. ఓటుకు వేల చొప్పున పంచేవాడి లెక్క ఎక్కడ తేలుతుందో, ఆ డబ్బు ఎవరి దగ్గర తిరిగి రాబడతాడో ఇంట్లో అందరూ కూర్చుని ఒకసారి లెక్కవేసుకోండి.

మన ఓటర్లు చేసి చూపించారు

ఇదంతా చదువుకున్నవాళ్ల ముచ్చట, మామూలు జనం గుర్తు చూసే వేస్తారు అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకేరోజు పోలింగ్ జరిగింది. టీడీపీ గెలిచిన మూడు లోక్‌సభ స్థానాలు విజయవాడ, గుంటూరు, శ్రీకాకుళం. విజయవాడ పరిధిలోని ఏడు అసెంబ్లీ సీట్లలో ఆరు, గుంటూరు పరిధిలో ఏడింట ఆరు, శ్రీకాకుళం పరిధిలో ఏడింట ఐదు వైసీపీ గెలిచింది. ఒకే ఓటరు, ఒకే గది, పక్కపక్కన రెండు యంత్రాలు. వేలమంది ఒక దాంట్లో ఒక గుర్తు మీద, రెండో దాంట్లో ఇంకో గుర్తు మీద నొక్కారు. మనవాళ్లు దీన్ని 'క్రాస్ ఓటింగ్' అని ఏదో తప్పు చేసినట్టు అంటారు. అది పార్టీల మాట. ఓటరు వైపు నుంచి చూస్తే రెండు పదవులకు ఇద్దరు మనుషులను విడివిడిగా తూచడమే అది.

తెలంగాణలో 2018 డిసెంబరులో 119 అసెంబ్లీ సీట్లలో 88 టీఆర్ఎస్‌కు ఇచ్చిన ఓటర్లు, నాలుగు నెలలకే లోక్‌సభకు 17లో 9 మాత్రమే ఇచ్చారు. పొరుగున కర్ణాటకలో 1984 డిసెంబరులో 28 లోక్‌సభ సీట్లలో 24 కాంగ్రెస్‌కు ఇచ్చిన జనం, 1985 మార్చిలో రామకృష్ణ హెగ్డే నాయకత్వంలోని జనతాపార్టీకి 224లో 139 అసెంబ్లీ సీట్లు ఇచ్చారు. ఏ ఎన్నిక దేనికోసమో సామాన్య ఓటరుకు బాగా తెలుసు. ఆ తెలివికి అభ్యర్థి గురించిన సమాచారం తోడైతే చాలు.

ఈ వారం చేయవలసింది

ఎన్నికలు దగ్గర్లో లేకపోయినా ఈ అధ్యాయాన్ని చదివి పక్కన పెట్టకండి. మీ ప్రస్తుత ఎమ్మెల్యేదీ, ఎంపీదీ పాత అఫిడవిట్లు తెరిచి అరగంట చదవండి. మీరు పోయినసారి ఓటేసిన అభ్యర్థిది ముందు చదవండి, గెలిచినా ఓడినా. ఐదు ప్రశ్నల కాగితం ఆ పేరుతో నింపండి. తారుమారు పరీక్షకు మీ పార్టీ నాయకుడి మీద ఈమధ్య వచ్చిన ఒక ఆరోపణ తీసుకోండి. ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండబోయేవాళ్లుంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. మీ పార్టీ వాళ్లకు వారసత్వంగా రావాల్సిన అవసరం లేదు. ఈ అలవాటు రావాలి.

ఎన్నికల తర్వాత ఆ కాగితాన్ని దాచిపెట్టండి. మీరు ఓటేసిన మనిషి గెలిస్తే ఏడాదికోసారి తీసి చూడండి, ఐదో ప్రశ్నలో రాసుకున్న మీ ఊరి పని ఎంతవరకు వచ్చిందో అడగండి. మీ పార్టీవాడైనా అడగండి, మీ పార్టీవాడైతే ఇంకా గట్టిగా అడగండి. మీ ఓటును ఖాయమని లెక్కేసుకోవడం పార్టీ మానేసిన రోజున, మీకు నచ్చే అభ్యర్థిని వెతికే పని దానికి మొదలవుతుంది.